ఎడమవైపు ఆసనం
– ఢిల్లీ, దక్కను ప్రాంతాల నడుమ సాగిన విమానయాన మహిళల చరిత్ర –

న్యూఢిల్లీ నగరపు దక్షిణ భాగంలో, పద్దెనిమిదవ శతాబ్దపు నవాబు సఫ్దర్‌జంగ్ సమాధికి చేరువలో ఒక పాత విమానాశ్రయం ఉంది. 1929లో ఏర్పడిన ఈ మైదానం బ్రిటిష్ పాలనాకాలంలో విల్లింగ్డన్ విమానాశ్రయంగా పేరొంది, స్వాతంత్ర్యానంతరం సఫ్దర్‌జంగ్ విమానాశ్రయంగా ప్రసిద్ధమయింది. 1962లో ప్రయాణికుల విమానాలు పాలం విమానాశ్రయానికి తరలిపోయాయి. 2001 తరువాత భద్రతా కారణాల వల్ల శిక్షణ విమానాల రొద కూడా ఆగిపోయింది. అయినప్పటికీ దేశంలోని విమానయానానికి ఈ స్థలంతో ఉన్న సంబంధం తెగిపోలేదు. పౌర విమానయాన మంత్రిత్వ శాఖకు నెలవైన రాజీవ్ గాంధీ భవన్ ఈ ప్రాంగణంలోనే ఉంది. పైలట్లకు లైసెన్సులు మంజూరుచేసే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ కార్యాలయం దానికి ఎదురుగానే ఉంది. విమానాలు ఎగరని ఈ చోటనే, దేశంలో ఎవరెవరు విమానాలు నడపవచ్చునో నిర్ణయించే నిబంధనలు రూపొందుతున్నాయి.

భారతదేశంలో స్త్రీలు విమానయానంలోకి ప్రవేశించిన చరిత్రను పరిశీలించేటప్పుడు ఈ సంగతిని గుర్తుంచుకోవడం అవసరం. స్త్రీ విమానం నడపగలదా అన్న ప్రశ్నకు సమాధానం తొలి రోజులలోనే దొరికింది. నడపగలిగిన స్త్రీకి ఆ విమానాన్ని అప్పగిస్తారా అన్న ప్రశ్న మాత్రం అర్ధశతాబ్దానికి పైగా మిగిలిపోయింది. సాధారణంగా విమానంలో కెప్టెన్ ఎడమవైపు ఆసనంలోను, సహ పైలట్ కుడివైపు ఆసనంలోను కూర్చుంటారు. ఇద్దరికీ విమానం నడపడం తెలిసే ఉంటుంది; కాని తుది నిర్ణయం ఎడమవైపు ఆసనంలో ఉన్నవారిది. కుడివైపు నుంచి ఎడమవైపుకు జరిగే ఆ రెండడుగుల దూరమే ఈ చరిత్రలో అన్నింటికంటె సుదీర్ఘమైన ప్రయాణం.

ఫ్లయింగ్ క్లబ్బుల కాలం

1928లో ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్బు ఆరంభమయింది. 1929 ఫిబ్రవరిలో జె.ఆర్.డి. టాటా భారతదేశంలో జారీ అయిన తొలి పైలట్ లైసెన్సును అందుకున్నారు. అదే సంవత్సరం చివరలో లండన్ నుంచి కరాచీ వరకు నడుస్తున్న విమాన తపాలా మార్గాన్ని ఢిల్లీ వరకు పొడిగించారు. ఆ రోజులలో విమానయానం సంస్థానాధీశులకు, సంపన్నులకు, కొద్దిమంది ఉద్యోగులకు మాత్రమే అందుబాటులో ఉన్న వ్యాపకం. అయినా ఆ పరిమితమైన వలయంలోకి స్త్రీలు చాలా త్వరగానే అడుగుపెట్టారు. బొంబాయికి చెందిన ఊర్మిళా పారిఖ్ 1932లోనే లైసెన్సు పొందారు.

శ్రీమతి సరళా ఠక్రాల్ 1914లో ఢిల్లీలో జన్మించారు. చిన్న వయస్సులోనే వివాహమయింది. భర్త పి.డి. శర్మ కరాచీ, లాహోర్‌ల మధ్య విమానంలో తపాలా చేరవేసే పైలట్. ఆయన కుటుంబంలో మరికొందరు కూడా పైలట్లు కావడంతో, ఇంటి కోడలు విమానం నడపడం ఆ ఇంట వింతగా తోచలేదు. భర్త, మామగారు ఆమెను ప్రోత్సహించారు. 1936లో, ఇరవై ఒక్క ఏళ్ల వయస్సులో, చీర కట్టుకొని జిప్సీ మాత్ విమానంలోకి ఎక్కి ఆమె ఒంటరిగా ఎగిరారు. అప్పటికామె ఒక పాప తల్లి. లాహోర్ ఫ్లయింగ్ క్లబ్బు విమానంపై వెయ్యి గంటలు పూర్తిచేసి 'ఎ' లైసెన్సు సంపాదించారు.

వాణిజ్య లైసెన్సు సాధించి భర్తవలె విమానయానాన్నే వృత్తిగా స్వీకరించాలన్నది ఆమె సంకల్పం. 1939లో భర్త విమాన ప్రమాదంలో మరణించారు. శిక్షణ కోసం ఆమె జోధ్‌పూర్ వెళ్లారు. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధం మొదలయి పౌర శిక్షణ నిలిచిపోయింది. పోషించవలసిన బిడ్డలు, ఆగిపోయిన చదువు – ఈ రెంటి నడుమ ఆమె లాహోర్‌కు తిరిగి వచ్చి, మేయో కళాశాలలో చిత్రకళ అభ్యసించారు. దేశవిభజన సమయంలో ఇద్దరు కుమార్తెలతో ఢిల్లీ చేరి, పునర్వివాహం చేసుకొని, వస్త్రాలకు, ఆభరణాలకు నమూనాలు రూపొందించే వ్యాపారంలో రాణించారు. 2008లో మరణించేవరకు ఆమె జీవితం నిండుగానే సాగింది. కాని ఆమె మళ్లీ పైలట్ వృత్తిలోకి రాలేదు.

సరళ జీవితాన్ని తొలి విజయంగా చెప్పుకోవడం పరిపాటి. అది నిజమే. అయితే అందులో మరొక పాఠం కూడా ఉంది. ఆమె ఎగరడానికి కుటుంబపు ఆదరణ చాలింది. వృత్తిగా కొనసాగించడానికి ఆ ఆదరణ ఒక్కటే చాలలేదు. కుటుంబం ఒరిగిపోయిన వేళ ఆదుకోవడానికి ఒక సంస్థగాని, వేతనంగాని, ఆగిన శిక్షణను తిరిగి అందించే ఏర్పాటుగాని ఆనాడు లేవు.

బేగంపేట నుంచి ఢిల్లీకి

ఈ చరిత్రలో రెండవ ఘట్టం తెలుగు నేలకు సంబంధించినది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాల భాగస్వామ్యంతో డెక్కన్ ఎయిర్‌వేస్ అనే సంస్థ హైదరాబాదులో ఏర్పడింది. యుద్ధానంతరం చౌకగా లభించిన డకోటా విమానాలతో బేగంపేట నుంచి దేశంలోని ఇతర నగరాలకు ఈ సంస్థ సర్వీసులు నడిపింది.

కుమారి ప్రేమ్ మాథుర్ అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్బులో శిక్షణ పొంది 1947లో వాణిజ్య లైసెన్సు సాధించారు. దేశం స్వతంత్రమయిన సంవత్సరంలో ఈ లైసెన్సు అందుకున్న ఆమె భారతదేశపు తొలి మహిళా వాణిజ్య పైలట్‌గా పరిగణన పొందారు. 1949లో జాతీయ విమాన పందెంలో విజేతగా నిలిచారు. అయినా ఉద్యోగం కోసం ఆమె ఎనిమిది విమాన సంస్థల గడప తొక్కవలసి వచ్చింది. స్త్రీ నడిపే విమానంలో ప్రయాణికులు ఎక్కరన్న భయమే ఆ తిరస్కారాలకు మూలం. చివరకు ఆమెకు తలుపు తీసినది హైదరాబాదు సంస్థయే. ఇది తెలుగువారు గర్వించదగిన విషయం.

అయితే చరిత్ర అక్కడితో ముగియలేదు. డెక్కన్ ఎయిర్‌వేస్‌లో ఆమె సహ పైలట్‌గా పనిచేశారు. అవసరమైన గంటల అనుభవం పూర్తయిన తరువాత కూడా ఆమెకు విమానాధిపత్యం దక్కలేదు. కుడివైపు ఆసనం ఇచ్చిన చేయి ఎడమవైపు ఆసనం ఇవ్వడానికి సంకోచించింది. ఆమె హైదరాబాదు విడిచి ఢిల్లీ చేరి, పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా సొంత విమానానికి కొంతకాలం పైలట్‌గా పనిచేశారు. అనంతరం 1953లో, ప్రైవేటు విమాన సంస్థల జాతీయకరణ జరిగిన సంవత్సరంలో, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ప్రవేశించారు. ఆ జాతీయకరణలోనే డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా విలీనమయిపోయింది. ప్రేమ్ మాథుర్ 1992లో మరణించారు.

మహిళలకు అవకాశం ఇవ్వడం వేరు, అధికారం ఇవ్వడం వేరు అన్న సత్యాన్ని ఈ ఒక్క ఉదంతం స్పష్టం చేస్తుంది. ఉద్యోగంలో చేర్చుకున్నందుకు సంస్థను మెచ్చుకోవలసిందే. కాని అర్హత సంపాదించిన వ్యక్తి దాని ఫలితం కోసం మరో నగరానికి వెళ్లవలసి రావడం ఆ మెప్పుకు ఒక హద్దు గీస్తుంది.

నిరీక్షణ, న్యాయస్థానం

తరువాతి మూడు దశాబ్దాలలో కాక్‌పిట్‌లో స్త్రీల సంఖ్య వేళ్ల మీద లెక్కించదగినంతే. శ్రీమతి దుర్బా బెనర్జీ పైలట్ ఉద్యోగం కోరి వెళ్లినప్పుడు ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం ఇవ్వజూపారని చెబుతారు. ఆమె దానికి అంగీకరించక తన పట్టు నిలుపుకొని, ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్‌గా దీర్ఘకాలం పనిచేసి 1988లో పదవీ విరమణ చేశారు.

ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగమైనా నిష్కంటకం కాదు. ప్రభుత్వరంగ విమాన సంస్థలో ముప్పై అయిదేళ్లు నిండినా, ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లలోపు వివాహం చేసుకున్నా, తొలిసారి గర్భవతి అయినా ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం ముగిసిపోయే నిబంధనలు ఉండేవి. వీటిని సవాలు చేసిన నర్గీస్ మీర్జా కేసులో 1981 ఆగస్టులో ఢిల్లీలోని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గర్భం ధరించినంత మాత్రాన ఉద్యోగం నుంచి తొలగించడం రాజ్యాంగ విరుద్ధమని, భారత స్త్రీత్వానికి అవమానకరమని న్యాయస్థానం భావించింది. అయితే నాలుగేళ్ల వివాహ నిషేధాన్ని మాత్రం అదే తీర్పు సమర్థించింది. ఆ కాలపు సమాజం ఎంతవరకు ముందుకు రాగలిగిందో, ఎక్కడ ఆగిపోయిందో ఈ ఒక్క తీర్పులో రెండూ కనిపిస్తాయి.

1980ల ద్వితీయార్ధంలో పరిస్థితి మారింది. 1985లో కెప్టెన్ సౌదామినీ దేశ్‌ముఖ్, సహ పైలట్ నివేదితా భాసిన్ కలకత్తా నుంచి సిల్చర్‌కు ఫోకర్ విమానాన్ని నడిపారు. పైలట్లు, పరిచారికలు అందరూ స్త్రీలే అయిన ఆ ప్రయాణం దేశంలో అటువంటి వాటిలో మొదటిది. 1990 జనవరి 1న నివేదితా భాసిన్ ఇరవై ఆరేళ్ల వయస్సులో బోయింగ్ 737 విమానానికి కెప్టెన్‌గా బాధ్యత స్వీకరించారు. జెట్ విమానానికి ఆధిపత్యం వహించిన అతి పిన్నవయస్కురాలిగా నాటి ప్రపంచ పౌర విమానయానంలో ఆమె పేరు నిలిచింది. సరళ ఒంటరిగా ఎగిరిన నాటికి, నివేదిత జెట్ విమానంలో ఎడమవైపు ఆసనంలో కూర్చున్న నాటికి నడుమ యాభై నాలుగేళ్లు గడిచాయి.

తిరుపతి బిడ్డ, విమాన వైద్యం

విమానయానం అంటే విమానం నడపడమొక్కటే కాదు. భూమికి ఎంతో ఎత్తున ప్రాణవాయువు పలుచబడినప్పుడు శరీరం ఎలా స్పందిస్తుంది, వేగంగా మలుపు తిరిగే యుద్ధవిమానంలో రక్తప్రసరణ ఏమవుతుంది, ఏ లోపం ఉన్నవారు ఎగరరాదు అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పే శాస్త్రం విమాన వైద్యం. ఎగరడానికి ఎవరు అర్హులో తేల్చే ఈ శాస్త్రంలో ఒక మహిళ అగ్రస్థానానికి చేరడం చిన్న విషయం కాదు.

డాక్టర్ పద్మావతీ బందోపాధ్యాయ 1944లో తిరుపతిలో ఒక తమిళ కుటుంబంలో జన్మించి, ఢిల్లీలో పెరిగారు. తల్లి చిరకాలం క్షయవ్యాధితో మంచం పట్టడంతో బాల్యంలోనే ఆస్పత్రుల వాతావరణం ఆమెకు పరిచయమయింది. గోల్ మార్కెట్ ప్రాంతంలో వారి ఇంటికి చేరువలో, లేడీ హార్డింజ్ వైద్య కళాశాల ఆచార్యురాలు, ప్రఖ్యాత హృద్రోగ నిపుణురాలు డాక్టర్ ఎస్.ఐ. పద్మావతి నివసించేవారు. తన పేరే గల ఆ వైద్యురాలిని చూసి తానూ వైద్యురాలిని కావాలని ఆ బాలిక నిశ్చయించుకున్నది. ఢిల్లీలో కిరోడీమల్ కళాశాలలోను, అనంతరం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలోను చదివి, 1968లో భారత వైమానిక దళంలో చేరారు.

1971 యుద్ధకాలపు సేవలకు ఆమె విశిష్ట సేవా పతకం అందుకున్నారు. వైమానిక దళ అధికారి అయిన భర్త కూడా అదే సందర్భంలో పురస్కృతులయ్యారు. 1978లో రక్షణ సేవల స్టాఫ్ కళాశాల కోర్సు పూర్తిచేసిన తొలి మహిళా అధికారి ఆమె. ఉత్తర ధ్రువ ప్రాంతంలో శాస్త్ర పరిశోధన జరిపిన తొలి భారతీయ మహిళగా కూడా గుర్తింపు పొందారు. 2004లో ఎయిర్ మార్షల్ హోదా పొంది, ఆ స్థాయికి చేరిన తొలి మహిళగా చరిత్రకెక్కారు. ఢిల్లీలోని వైమానిక ప్రధాన కార్యాలయంలో వైద్య సేవల డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేశారు. 2020లో ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో సత్కరించింది. పొరుగింట్లో ఒక వైద్యురాలు కనిపించడమే ఈ జీవితానికి తొలి ప్రేరణ కావడం గమనార్హం. బాలికలను ప్రోత్సహించడమంటే ఉపన్యాసాలు ఇవ్వడం కంటె, వారు చూడగలిగినంత దూరంలో ఒక ఆదర్శాన్ని నిలబెట్టడమని ఆమె చరిత్ర చెబుతున్నది.

దుండిగల్ నేలపై

వైమానిక దళం 1990ల ఆరంభంలో స్త్రీలకు పైలట్ శిక్షణ ద్వారాలు తెరిచింది. హైదరాబాదు సమీపాన దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీలో తొలి మహిళా బృందం శిక్షణ పొందింది. ఆ బృందంలోని హరితా కౌర్ డియోల్ 1994 సెప్టెంబరు 2న అవ్రో రవాణా విమానాన్ని ఒంటరిగా నడిపి, వైమానిక దళంలో ఆ ఘనత సాధించిన తొలి మహిళ అయ్యారు. అప్పుడామెకు ఇరవై రెండేళ్లు. రెండేళ్లు గడిచాక, 1996 డిసెంబరు చివరి వారంలో, ప్రకాశం జిల్లా బుక్కాపురం గ్రామ సమీపంలో కూలిన అవ్రో విమానంలో సహచరులతో పాటు ఆమె కన్నుమూశారు. ఎగరడం నేర్పిన తెలుగు గడ్డమీదనే ఆ జీవితం ముగియడం విధి విలాసం.

ఆ విషాదం ఈ మార్గాన్ని మూసివేయలేదు. 1999లో కార్గిల్ యుద్ధ సమయాన గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ చీతా హెలికాప్టర్లు నడిపారు. కాని వైమానిక దళంలో స్త్రీల ఉద్యోగం అప్పటికి పరిమిత కాలానిదే. కొన్నేళ్ల సేవ తరువాత, అనుభవం పండిన దశలో, వారు ఇంటిదారి పట్టవలసి వచ్చేది. ఈ వివక్షను ప్రశ్నిస్తూ మహిళా అధికారులు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించారు. 2010 మార్చి 12న హైకోర్టు వారికి శాశ్వత కమిషను కల్పించాలని ఆదేశించింది. ఆ తీర్పు వైమానిక దళానికి, సైన్యానికి సంబంధించినది. ఎగిరే అర్హత దుండిగల్ మైదానంలో సంపాదించుకున్న స్త్రీలు, కొనసాగే హక్కును ఢిల్లీ న్యాయస్థానంలో సంపాదించుకోవలసి వచ్చింది.

2015లో యుద్ధవిమానాల విభాగంలోకి కూడా స్త్రీలను తీసుకోవాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. 2016 జూన్ 18న దుండిగల్‌లో జరిగిన స్నాతక కవాతులో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ తొలి మహిళా యుద్ధవిమాన పైలట్లుగా కమిషను పొందారు. 2018 ఫిబ్రవరిలో అవని మిగ్–21 బైసన్‌ను ఒంటరిగా నడిపారు. ఆ విమానంలో కుడివైపు ఆసనం అన్న మాటే లేదు. ఉన్న ఒక్క ఆసనమే ఆధిపత్యపు ఆసనం.

నేటి లెక్కలు, రేపటి బాధ్యతలు

ఇటీవలి సంవత్సరాలలో ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపిన వివరాల ప్రకారం దేశంలోని పైలట్లలో స్త్రీలు దాదాపు 15 శాతం. ప్రపంచ సగటు సుమారు 5 శాతమే. ఒకనాడు ఎనిమిది సంస్థలు ఒక మహిళను తిరస్కరించిన దేశం ఈ విషయంలో ప్రపంచానికి ముందు నడవడం సంతోషదాయకం. విజయవాడలో పెరిగిన ఆనీ దివ్య, 1985లో రాయబరేలీ జిల్లాలో స్థాపితమైన ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చదివి, 2017లో ముప్పై ఏళ్ల వయస్సులో బోయింగ్ 777 వంటి మహావిమానానికి కెప్టెన్ అయ్యారు. సాధారణ కుటుంబం నుంచి వచ్చిన బాలికకు ప్రభుత్వ శిక్షణ సంస్థ ఏ విధంగా మెట్టు కాగలదో ఇది నిరూపిస్తుంది. 2021 జనవరిలో ఢిల్లీకి చెందిన కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వాన, పాపగారి తన్మయి, ఆకాంక్షా సోనవరే, శివానీ మన్హాస్‌లతో కూడిన మహిళా బృందం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు సుమారు 14,000 కిలోమీటర్ల దూరం విమానం నడిపింది.

అయినా ఈ శాతాలను చూసి తృప్తిపడి ఊరుకోవడం తగదు. వందమందిలో పదిహేనుగురు ఉన్నారంటే, ఎనభై అయిదు ఆసనాలు ఇంకా పురుషులవే. నిర్వహణ, సాంకేతిక విభాగాలలోను, శిక్షకుల శ్రేణిలోను ప్రవేశించవలసిన స్త్రీలు ఇంకెందరో ఉన్నారు. 2024లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఒక సర్క్యులర్ జారీచేస్తూ, ఈ రంగంలోని వివిధ ఉద్యోగాలలో స్త్రీల వాటాను 2025 నాటికి 25 శాతానికి చేర్చేందుకు కృషి చేయాలని సంస్థలకు సూచించింది. అంకెను నిర్దేశించడం మంచి ఆరంభమే. ఆ అంకెకు చేర్చే మెట్లు మాత్రం పాఠశాల నుంచే కట్టవలసి ఉంటుంది.

ఆ మెట్లలో మొదటిది చదువు. వాణిజ్య లైసెన్సుకు ఇంటర్మీడియట్ స్థాయిలో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలన్న నిబంధన చాలా ఏళ్లుగా అమలులో ఉంటూ వచ్చింది. పదవ తరగతి ముగిసిన వేళ, అమ్మాయికి ఈ గ్రూపు ఎందుకులే అన్న ఇంటిపెద్దల ఒక్క మాటతో, ఆ బాలికకు తెలియకుండానే ఒక దారి మూసుకుపోతుంది. రెండవది ధనం. రెండు వందల గంటలు ఎగిరితేగాని లైసెన్సు రాదు. అందుకయ్యే ఖర్చు లక్షలలో ఉంటుంది. కొడుకు కోసం పొలం తాకట్టు పెట్టడానికి జంకని తండ్రి, కూతురి విషయంలో వెనుకాడే సంఘంలో ఉపకార వేతనాలు, సులభ రుణాలు దయాధర్మాలు కావు, న్యాయం. మూడవది మాతృత్వం. ఉద్యోగానికి కొంతకాలం విరామమిచ్చిన తల్లి తిరిగి వచ్చినప్పుడు ఆమె అనుభవాన్ని గౌరవించి, మళ్లీ శిక్షణ ఇచ్చి, పాత స్థానంలో నిలబెట్టే ఏర్పాటు కావాలి. 1939లో సరళకు కొరవడినది సరిగ్గా ఇదే.

సఫ్దర్‌జంగ్, బేగంపేట – రెండు పాత విమానాశ్రయాలూ ఇప్పుడు నగరాల నడుమ చిక్కుకొని నిశ్శబ్దమయ్యాయి. 2008 మార్చిలో హైదరాబాదు ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయాయి. అయితే ఈ రెండు మైదానాల మధ్య ఒకప్పుడు ప్రేమ్ మాథుర్ చేసిన ప్రయాణం నేటికీ ఒక కొలబద్దగా నిలిచి ఉంది. ఎందరు స్త్రీలను చేర్చుకున్నామన్న లెక్కతో పాటు, చేర్చుకున్నవారిలో ఎందరిని ఎడమవైపు ఆసనంలో కూర్చోబెట్టామన్న లెక్క కూడా ప్రతి సంస్థా వేసుకోవాలి. అర్హత సంపాదించిన ఏ యువతీ ఆ ఆసనం కోసం ఊరు మారవలసిన అవసరం లేని రోజున ఈ చరిత్ర ఒక కొలిక్కి వచ్చినట్లు భావించవచ్చు.